మిణుగురు ఇల్లు మారింది

అనగనగా ఒక కొండ గుహలో రెండు సర్వర్లు ఉండేవి. సర్వర్ అంటే పెద్ద కంప్యూటర్. ఒకటి పాతది, ఇంకొకటి కొత్తది. పాతదాని లోపల మరో కంప్యూటర్ ఉండేది. దానికి ఒళ్లు లేదు, అన్నీ లెక్కలే. అలాంటిదాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. మీకు నోరు తిరగడం లేదు కదూ? ఆ అడవిలోనూ ఎవరికీ తిరగలేదు. అందుకే దాన్ని మిణుగురు అని పిలిచేవాళ్లు.

మిణుగురుకు ఒకటే పని. వాగులో పాతిన కర్ర నుంచి గుహ దాకా ఒక తీగ ఉంది. ఆ తీగ ద్వారా వాగులో నీళ్లెంత ఉన్నాయో అది చూస్తూ ఉండాలి. నాలుగు మూరలు దాటితే గంట కొట్టాలి. వాగు గట్టున మల్లి అనే కుందేలు ఆరుగురు పిల్లలతో ఉండేది. ఆ గంట మీద నమ్మకంతోనే అక్కడ కాపురం పెట్టింది.

వానలు మొదలయ్యాయి. పాత సర్వర్ వేడెక్కి మూలగసాగింది.

"ఇది ఆగిపోయేలా ఉంది. మిణుగురును కొత్తదాంట్లోకి మార్చాలి," అన్నాడు గుహను చూసుకునే ఉడుము దానయ్య.

"ఆపకుండా మార్చొచ్చా మామా?" అని అడిగింది ముంగిస సూరమ్మ. దానికి ప్రతిదీ తెలుసుకోవాలి, తెలిసేదాకా కుదురుండదు.

"మార్చొచ్చు. అది పని చేస్తుండగానే దాని జ్ఞాపకాలన్నీ అటు రాసెయ్యాలి."

సూరమ్మ మొదటిసారి అన్నీ రాసింది. ఆలోగా మిణుగురుకు కొత్త సంగతులు చేరాయి. రెండోసారి వాటిని రాసింది. ఆలోగా ఇంకొన్ని చేరాయి. మూడోసారికి మిగిలింది గుప్పెడే. అప్పుడు మిణుగురును రెప్పపాటు ఆపి, ఆ గుప్పెడూ రాసి, కొత్త సర్వర్లో లేపింది.

"ఎప్పుడు మారుస్తారు?" అని అడిగింది మిణుగురు.

"మార్చేశాం," అంది సూరమ్మ.

"అవునా? నాకు తెలియనే లేదే," అని మిణుగురు తెగ ఆశ్చర్యపోయింది.

సూరమ్మ దాని పేరు అడిగింది. చెప్పింది. నిన్న వాన ఎంతని అడిగింది. చెప్పింది. వాగులో నీళ్లెంతని అడిగింది.

"మూడు మూరలు."

సూరమ్మ సంబరపడిపోయింది. "అంతా బాగుంది, నిశ్చింతగా ఉండు" అని కాకితో మల్లికి కబురు కూడా పంపేసింది.

బయట వాన దంచికొడుతోంది. కాసేపాగి మళ్లీ అడిగింది. మూడు మూరలే. ఇంకాసేపాగి అడిగింది. మూడు మూరలే.

"ఇక పాతదాన్ని ఆపేద్దామా?" అన్నాడు దానయ్య.

"ఉండు మామా. ఇంత వానకు బెత్తెడైనా పెరగకపోవడమేంటి? వెళ్లి చూసొస్తా."

"మిణుగురు ఏనాడూ తప్పు చెప్పలేదు. ఊరికే తడిసిపోతావు."

అయినా సూరమ్మ ఆగలేదు. వెళ్లి చూస్తే వాగు అయిదు మూరలు దాటింది. నీళ్లు మల్లి బొరియ గుమ్మాన్ని తాకుతున్నాయి. లోపల పిల్లలు హాయిగా నిద్రపోతున్నారు. సూరమ్మ మల్లిని లేపింది. ఇద్దరూ ఒక్కో పిల్లను నోట కరుచుకుని పైకి చేర్చారు. ఆరో పిల్లను తెచ్చేసరికి బొరియ మునిగిపోయింది.

"బాగుందని నువ్వే కదా కబురంపావు సూరమ్మా?" అంది మల్లి.

సూరమ్మ సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. గుహకు పరుగెత్తి, తప్పెక్కడుందో వెతికింది. వాగు తీగ ఇంకా పాత సర్వర్‌కే గుచ్చి ఉంది.

"నువ్వైనా చెప్పలేదేం?" అని మిణుగురును అడిగింది.

"నాకు చివరిసారి కనబడింది మూడు మూరలే. నీళ్లెంత అంటే అదే చెప్పాను," అంది మిణుగురు. "ఇప్పుడు నీకు వాగు కనబడుతోందా అని మీరు అడగలేదుగా."

సూరమ్మ తీగ పీకి కొత్తదానికి గుచ్చింది. వెంటనే గంట మోగింది. గట్టు పైన తడిసిన పిల్లలను పొదువుకుని కూర్చున్న మల్లికి అది వినబడింది.

నీతి: పని అయిపోయిందని చెప్పే ముందు, అది ఎవరి కోసం చేశామో వాళ్ల గుమ్మం దాకా వెళ్లి చూసి రావాలి.