అరవై నాలుగు బండలు తక్కువ

అజితసేనుడు పొద్దున "లేదు" అన్నాడు. ఆ ఒక్క మాటతో కాటోజు చేతిలోని ఉలీ సుత్తీ పోబోతున్నాయి.

పొదలకొండ దిగువన బసది అనే జైనుల గుడి ముందు మండపం కడుతున్నారు. దాని నేల కోసం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇంటికొక బండ చొప్పున నెత్తిన మోసుకొచ్చారు. అన్నీ ఒకే కొలత, మూరెడు చదరం. మొక్కు బండలు కాబట్టి ఒక్కటీ మిగలకూడదు, ఒక్కటీ పగలగొట్టకూడదు. నేల నాలుగు మూలలతో నిండుగా ఉండాలి. ఎవరింటి బండ పక్కన పెట్టినా ఆ ఇంటివాళ్ళు ఊరుకోరు.

"మీరెన్ని తెస్తే అన్నీ పరుస్తాను, ఒక్కటీ మిగల్చను" అని రాతిపని కాటోజు ఏడాది కిందట అందరి ముందూ మాటిచ్చాడు. నిజానికి అది తొందరపాటు మాటే. బండలు మోసుకొచ్చే జనం మొహాలు చూశాక అతనికి ఇంకో మాట రాలేదు.

తీరా లెక్కపెడితే ఐదువేల ఐదువందల అరవై ఒక్క బండలు తేలాయి. ఎన్ని వరసలు పరవాలి, వరసకి ఎన్ని పెట్టాలి? ఎలా పరిచినా తెగడం లేదు. పని చూసే పోలనాయకుడు ఆ ప్రశ్నని కొండ మీది మఠానికి పంపాడు.

మఠంలో వృషభనంది ఆచార్యులు గణితం చెప్పేవారు. ఆయన శిష్యుల్లో అజితసేనుడికి ఎదురులేదు. దుమ్ము పరిచిన పలకని అక్కడ పాటి అంటారు. దాని మీద వేలితో అంకెలు వేసి లెక్క చేస్తారు. తోటివాళ్ళు లెక్క సగంలో ఉండగానే అజితసేనుడు పాటి తుడిచేసి లేచిపోయేవాడు. తప్పు చేశాడని ఎవరూ ఎప్పుడూ అనలేదు. అనేంత ధైర్యమూ ఎవరికీ లేదు.

అతను పొద్దునే లెక్క ముగించి కబురు పంపాడు. అలాంటి వరసలు లేవు, ఉండవు అని.

దేవుడి పని దగ్గర మాట తప్పినవాడు తన పనిముట్టు ద్వారానికి వేలాడదీసి వెళ్ళిపోవాలి. ఆ ప్రాంతపు కట్టుబాటు అది. మళ్ళీ పన్నెండేళ్ళ దాకా దాన్ని ముట్టకూడదు. కాటోజుకి అప్పటికే అరవై దాటాయి. పనిముట్లు అప్పగించడానికి పోలనాయకుడు పొద్దు గుంకేదాకా గడువిచ్చాడు.

మధ్యాహ్నం తిరిగాక కాటోజు రెండోసారి కొండెక్కి వచ్చి మఠం అరుగు కింద నిలబడ్డాడు.

"అయ్యా, ఇంకొక్కసారి చూడండి."

"చూశాను కదా" అన్నాడు అజితసేనుడు.

"ఎనిమిదో ఏట పట్టిన ఉలి అయ్యా. అది పోతే నాకు ఇంకో పని రాదు."

అజితసేనుడికి ముక్కు మీదే ఉంటుంది కోపం. "రెండు భుజాల్లో ఒకటి డెబ్భై ఐదు లోపు ఉండి తీరాలి. ఆ లోపున దేనితోనూ తెగని సంఖ్యలు ఇరవై ఒకటి. అన్నిటితోనూ భాగించాను. ప్రతిసారీ శేషం మిగిలింది. నువ్వు ఏడిస్తే అంకె విరుగుతుందా?"

"అవన్నీ నాకు తెలియవు. మీరు కిందికి దిగి ఆ నేల ఒకసారి చూస్తే..."

"నేల చూస్తే ఏం తెలుస్తుంది?"

కాటోజు చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

లోపల ఉన్న ఆచార్యులు ఈ మాటలన్నీ విన్నారు. గ్రంథం పట్టుకునే బయటికి వచ్చారు.

"పొద్దున చేసిన లెక్క ఏది నాయనా?"

"తుడిచేశాను గురుదేవా. మామూలేగా. ఒక అంకె తుడిచి దాని మీదే ఇంకో అంకె వేస్తాం. చివరికి శేషం తప్ప ఏమీ మిగలదు."

"మధ్యలో తప్పు పడి ఉంటే?"

అజితసేనుడి మొహం ఎర్రబడింది. "పడదు. మీకు నా మీద నమ్మకం లేకపోతే వేరేవాళ్ళ చేత చేయించండి."

ఆచార్యులు అరుగు దిగి కాటోజు పక్కన నేల మీద కూర్చున్నారు. కాటోజు కంగారుపడి తనూ కూర్చున్నాడు.

"నువ్వెలా పరిచి చూశావు?"

"చౌకంగా పరిచాను స్వామీ. డెబ్భై ఐదు వరసలు, వరసకి డెబ్భై ఐదు. అరవై నాలుగు బండలు తక్కువొచ్చాయి. ఆఖరి వరస మొండిగా ఉంటే చూడ్డానికి బాగోదని వెలితంతా ఒక మూలకి చేర్చాను. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది. అక్కడ మల్లెపాదు పెట్టుకుందామంటే నాయకుడు ఒప్పుకోలేదు. నేలకి నాలుగు మూలలూ ఉండాల్సిందే అన్నాడు."

"ఈ సంగతి ఇతనికి చెప్పావా?"

కాటోజు అజితసేనుడి వైపు చూసి తల దించుకున్నాడు. "చెప్పబోయాను స్వామీ. రెండుసార్లు వచ్చాను."

ఆచార్యులు చేతిలోని తాటాకుల గ్రంథానికి చుట్టిన గుడ్డ విప్పారు. అది ఆయన గురువుగారి నాటి చదరపు గుడ్డ. శిష్యులెవరూ చేతులు కడుక్కోకుండా దాన్ని ముట్టేవారు కాదు. ఆయన దాన్ని నేల మీద పరిచి, ఒక మూలన చిన్న చదరం చించి తీసేశారు.

చిరుగుతున్న చప్పుడుకి అజితసేనుడు అరుగు మీంచి ఒక్క దూకులో కిందికి వచ్చాడు. "గురుదేవా!"

"ఇదేనా నీ నేల?" అని ఆచార్యులు కాటోజుని అడిగారు.

"ఇదే స్వామీ. అచ్చం ఇలాగే."

ఆయన మూల లేని గుడ్డని శిష్యుడి ముందుకి జరిపారు. "దీన్ని నాలుగు మూలలు చెయ్యి. చించుకోవచ్చు. కానీ ఒక్క పోగు కూడా పారెయ్యకూడదు."

"ఇప్పుడా?"

"పొద్దు గుంకేలోపు."

అజితసేనుడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గుడ్డ ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఎటు చూసినా ఆ వెలితే కనిపించింది. అరుగు నీడ సాగి సాగి కాటోజు పాదాల మీదికి వచ్చింది. దిగువ నుంచి జనం అరుపులు వినిపిస్తున్నాయి. కాటోజు గుడ్డ వైపు చూడడం మానేసి పొద్దు వైపు చూస్తున్నాడు. అతని అరచేతులు ఉలి పట్టి పట్టి కాయలు కాసి ఉన్నాయి. అజితసేనుడు ఆ చేతుల్ని అప్పుడే మొదటిసారి చూశాడు, చూసి కళ్ళు తిప్పుకున్నాడు.

వెలితి కిందుగా గుడ్డ అంచు వెంట సన్నని పట్టీ ఒకటి వేలాడుతున్నట్టుంది. వెడల్పు సరిగ్గా వెలితంతే. దాన్ని పైనుంచి కిందిదాకా చించాడు. మిగిలిన గుడ్డకి నాలుగు మూలలూ వచ్చాయి. చేతిలో పట్టీ మిగిలింది. దాన్ని అడ్డంగా తిప్పి గుడ్డ కింది అంచుకి ఆనించాడు.

సరిపోయింది. ఒక్క పోగు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"ఒక పక్క ఎనిమిది తగ్గింది" అన్నాడు అజితసేనుడు నెమ్మదిగా. "ఇంకో పక్క ఎనిమిది పెరిగింది. డెబ్భై ఐదులో ఎనిమిది పోతే..."

అక్కడ ఆగిపోయాడు.

"పోతే?" అన్నారు ఆచార్యులు.

"అరవై ఏడు. రెండోది ఎనభై మూడు. కానీ అరవై ఏడుతో నేను పొద్దునే భాగించాను గురుదేవా. శేషం ఇరవై ఒకటి వచ్చింది. బాగా గుర్తుంది."

పాటి తెచ్చి దుమ్ము చదును చేశాడు. ఈసారి వేలు మెల్లగా కదిలింది. ఐదువందల యాభై ఆరులో ఎనిమిది అరవై ఏడులు, అంటే ఐదువందల ముప్పై ఆరు, పోతే ఇరవై. రెండు వేశాడు. పక్కన సున్న పెట్టాడు. దుమ్ములో సున్న అంటే వేలికొనతో పెట్టే ఒక చుక్క, అంతే. దాని పక్కన మిగిలిన ఒకటి దించాడు. రెండువందల ఒకటి. మూడు అరవై ఏడులు రెండువందల ఒకటి. శేషం లేదు.

పొద్దున తొందరలో ఆ చుక్క అతని చెయ్యి కిందే చెరిగిపోయింది. రెండువందల ఒకటి కాస్తా ఇరవై ఒకటిగా కనిపించింది. అరవై ఏడు కంటే తక్కువ కదా అని శేషం కింద లెక్కగట్టి, తుడిచేసి లేచాడు.

కాటోజు గుడ్డ మీదికి వంగి చూస్తున్నాడు. అతనికి అంకెలు అక్కర్లేదు. "ఆ పక్క పట్టీ ఒక్కటి తీసి కింద వేస్తే చాలా? ఐదారువందల బండలు కదిపితే అయిపోతుందే! మూడు రోజుల పని!" అన్నాడు. అని, ముసలాడు ఏడ్చేశాడు.

అజితసేనుడు తల ఎత్తలేకపోయాడు. "గురుదేవా, మీరు కిందికి వచ్చి చెప్పండి. మీ మాటైతే వింటారు."

"లేదన్నది నేను కాదే" అన్నారు ఆచార్యులు.

పొద్దు కొండ అంచుకి దిగింది. అజితసేనుడు పాటి చంకన పెట్టుకుని పరుగెత్తాడు. కాటోజు వెనకాల వస్తున్నాడు, పాపం అందుకోలేకపోతున్నాడు. మెట్ల దారిలో అజితసేనుడు రెండుసార్లు జారాడు. మోచెయ్యి గీసుకుపోయింది.

దిగువన బసది ద్వారం దగ్గర జనం గుంపుగా ఉన్నారు. ద్వారబంధానికి అప్పటికే మేకు కొట్టేశారు. పోలనాయకుడి చేతిలో ఉలీ సుత్తీ ఉన్నాయి. సుత్తి పిడి మధ్యలో వేళ్ళు ఆనేచోట అరిగి గుంటపడింది.

"ఆగండి!" అని అరిచాడు అజితసేనుడు. "ఎనభై మూడు వరసలు. వరసకి అరవై ఏడు. ఒక్క బండా మిగలదు."

జనం ఒక్కసారిగా కేకలు వేశారు. పోలనాయకుడు మాత్రం చెయ్యెత్తి అందర్నీ ఆపాడు.

"సంతోషం. కానీ నీ లెక్క విని పొద్దున తీర్పు చెప్పాను. కాటోజు మాట తప్పాడని నలుగురి ముందూ అన్నాను. ఇప్పుడు మఠంలో కొత్త ఉపాయం ఏదో తట్టిందన్నమాట. మంచిదే, వేరే పనివాణ్ణి పెట్టి పరిపిస్తాను. పొద్దుటి లెక్క సరైనదే అయితే నా తీర్పు మారదు. ఆ లెక్క సరైనదేనా?"

లెక్క తెలిసినవాళ్ళకి ఆ మాటలో తిరకాసు వెంటనే కనిపిస్తుంది: ఇప్పుడు తెగిన సంఖ్య పొద్దున తెగకుండా ఉండదు. కానీ అక్కడ లెక్క తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. అతను అవునంటే చాలు. కొత్త ఉపాయం కనిపెట్టినవాడని ఊరూరా చెప్పుకుంటారు.

అజితసేనుడికి భయం వేసింది. ఇంతమంది తననే చూస్తున్నారు. అప్పుడే కాటోజు ఆయాసపడుతూ వచ్చి గుంపు వెనక నిలబడ్డాడు. జరుగుతున్నదేమిటో అతనికి అర్థం కాలేదు. అందరూ నవ్వుతున్నారేమోనని చూస్తున్నాడు.

"కాదు" అన్నాడు అజితసేనుడు.

"ఏమిటి కాదు?"

"సరైన లెక్క కాదు. ఉపాయం తర్వాత సంగతి, పొద్దున కూడా అది తెగింది. నేను ఒక సున్న పోగొట్టాను. పోగొట్టి, మళ్ళీ చూసుకోకుండా లేదన్నాను. ఆయన రెండుసార్లు వస్తే నిలబెట్టి పంపేశాను. మాట తప్పింది నేను."

పోలనాయకుడు కాసేపు అతని మొహంలోకి చూసి, ఉలీ సుత్తీ తీసుకెళ్ళి కాటోజు చేతిలో పెట్టాడు. మేకు మాత్రం ద్వారానికి అలాగే ఉంది. కట్టుబాటు అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది. అజితసేనుడు చంకలోని పాటి తీసి, మీద మిగిలిన దుమ్ము దులిపి, తనే తగిలించాడు.

పన్నెండేళ్ళు.

కొండెక్కి వచ్చేసరికి పడమట ఇంకా ఎర్రగానే ఉంది. ఆచార్యులు అరుగు మీద కూర్చుని ఉన్నారు. అజితసేనుడు ఆయన ముందు నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పాటి ఇచ్చేశాను గురుదేవా."

ఆయన తల ఊపారు.

"ఇంక నేనేం చెయ్యాలి?"

"రేపు పొద్దునే కాటోజు దగ్గరికి వెళ్ళు. బండలు కదపాలిగా."

"నాకు రాతిపని రాదు గురుదేవా."

"ఆ మాట అతనికి చెప్పు" అన్నారు ఆచార్యులు. "అక్కణ్ణించి మొదలుపెడతాడు."