ఉట్టెక్కిన శకునాలయ్య

వానాకాలం వస్తే బుసలేరుకి ఒళ్ళు తెలీదు. ఎండల్లో మేకపిల్లలు కూడా గంతేసి దాటే ఏరు, నాలుగు వానలు పడేసరికి చెట్లని వేళ్ళతో సహా పట్టుకుపోతుంది. ఏటికి ఇవతల అడవి. అవతల పిడికిలి గుట్టలు. అన్నీ నిట్టనిలువు బండలు, బండల నెర్రెల్లో లేత గడ్డి. డెక్క ఆనేంత చోటుంటే చాలు నిలబడి మేసేసే మేకజాతికి అంతకంటే భోగం లేదు. పైగా అక్కడ నక్కలు లేవు.

వానల్లో అవతలికి దారి ఒక్కటే. తేనె కొట్టేవాళ్ళు ఎప్పుడో ఈ గట్టు మీది మద్దిచెట్టుకీ ఆ గట్టు మీది బండకొమ్ముకీ లాగి కట్టి, విప్పకుండా వెళ్ళిపోయిన లావుపాటి తాడు. తాడుకి కొయ్యకడియం, కడియానికి వేలాడుతూ ఉట్టి. ఇళ్ళల్లో పాలకుండ పెట్టుకునే ఉట్టిలాంటిదే, కాకపోతే మేక పట్టేంతది. ఈ గట్టు ఎత్తు, ఆ గట్టు పల్లం. అందుకని ఎక్కి కూర్చుంటే ఉట్టి దానంతటదే జారుతుంది. జారి జారి బండకి కొట్టుకోకుండా, దాని పగ్గాన్ని మద్దిమొదలికి ఒక చుట్టు వేసి మెల్లగా వదలాలి. తిరిగి రావాలంటే ఆ పగ్గాన్నే లాగాలి. వదలడం, లాగడం రెండూ బూరమ్మ పని.

బూరమ్మ ఎలుగుబంటి. చూపు తక్కువ, బలం ఎక్కువ. కాళ్ళు బండకి తన్నిపెట్టి, వీపు ఏటి వైపు పెట్టి కూర్చుంటుంది. వెనక ఏం జరుగుతోందో చూడదు, చూసినా కనపడదు. మాట వింటుంది, అంతే. "పోతున్నా" అంటే వదులుతుంది. "పోయా" అంటే అవతలికి చేరినట్టు, పగ్గం ముడేస్తుంది. "వస్తున్నా" అంటే లాగుతుంది. "వచ్చా" అంటే మళ్ళీ ముడి. ఇంకో మాట ఆవిడకి అక్కర్లేదు.

గట్టు మీద నిలబడ్డవాళ్ళ మాటలు అసలే అక్కర్లేదు. పోయిన వానల్లో ఒక ముళ్ళపంది ఏటి మధ్యలో ఉండగా గట్టు మీది కోతులు తలా ఒక సలహా చెప్పాయి. బూరమ్మ అన్నీ విన్నది. ముళ్ళపంది ఎక్కడో దిగువన ఒడ్డుకి చేరిందట, ముళ్ళు కాస్త పల్చబడి. అప్పటినుంచీ అడవికంతా ఒకటే చెప్పింది: ఉట్టి గట్టు వదిలాక, ఉట్టిలోంచి వచ్చిన మాటే మాట.

ఈ పద్ధతి మువ్వకి బాగా నచ్చింది. మువ్వ వయసులో ఉన్న మేక, ఒకచోట కాలు నిలవదు. బండలెక్కడం ఎవరూ నేర్పలేదు, పడి పడి నేర్చుకుంది. ఈ ఏడే ఇద్దరు పిల్లలు పుట్టారు. వాళ్ళకింకా డెక్కలు గట్టిపడలేదు. అవతలి రేవు పక్కనే ఉన్న కింది అరుగు దాకా ఎక్కగలరు, ఆపైకి లేదు. వాళ్ళని అక్కడ కూర్చోబెట్టి, మువ్వ ఉప్పుమట్టి నాకడానికి ఇవతలికి వచ్చింది. గుట్టల మీద అన్నీ ఉన్నాయి, ఉప్పు లేదు.

ఉట్టి దిగేసరికి బూరమ్మ దగ్గర ఒక నక్క కూర్చుని ఉంది. పేరు శకునాలయ్య. ఏ కాలు ముందు పెట్టాలి, ఏ దిక్కుకి తల పెట్టి పడుకోవాలి, బల్లి ఎక్కడ పడితే ఏమవుతుంది, అడవంతా ఆయన్నే అడుగుతుంది. ఇంకొకరికి చెప్పడమే కాదు, తనూ నమ్ముతాడు. ఆయన చిక్కల్లా అదే.

"అత్తా, ఆ మాటొక్కటి మార్చకూడదూ?" అంటున్నాడు. "గడప దాటేవాడు ఎవడైనా వెళ్ళొస్తా అంటాడు. పోతున్నా అంటారా, నోరుండి? అందులోనూ ఏటి మీద!"

"వెళ్ళొస్తా అంటే నేను వదలాలా, లాగాలా అల్లుడూ?"

"ముందు వదిలి, తర్వాత లాగి..."

"తర్వాత అంటే ఎప్పుడు?"

శకునాలయ్య చెవి గోక్కున్నాడు.

"నోటికి అంత బరువైతే ఇవతలే ఉండు," అంది బూరమ్మ. "ఇంతకీ అవతల నీకేం పని?"

"గాలిమార్పుకి అత్తా. ఈ మధ్య ఆకలి మందగించింది."

మువ్వ చెవులు నిక్కబొడుచుకున్నాయి. అవతల శకునాలయ్యకి ఆకలి పుట్టించేవి ఏమున్నాయో దానికి తెలుసు. రేవు పక్కనే, అందేంత ఎత్తులో, రెండున్నాయి.

"పెద్దమ్మా, ఈయన్ని పంపిస్తావా ఏంటి?"

"మాట చెప్తే పంపిస్తా. తాడుకి మేకైనా నక్కైనా బరువే. మధ్యలో తగువులు నాకొద్దు."

"మరదలికి నా మీద ఎంత అనుమానమో," అన్నాడు శకునాలయ్య బాధగా. "ఆ మాట నా నోట రాదులే. వంశంలో లేదు."

అది నిజమే. మువ్వ ఊపిరి పీల్చుకుంది. ఆ ఒక్క మాట ఆయన నోట్లో ఇరుక్కుని ఉన్నంత కాలం తన పిల్లలకి భయం లేదు. అలా అనుకుని ఉప్పుమట్టి వైపు దిగిపోయింది.

నాకుతూ ఉంటే పొద్దు తెలీలేదు. ఉరుము వినపడి తలెత్తేసరికి మబ్బు కమ్మేసింది, పొదుగు బరువెక్కింది. పిల్లలు పాలకి ఏడుస్తుంటారు. మువ్వ మూతికంటిన మట్టి కూడా తుడుచుకోకుండా గట్టెక్కి పరిగెత్తింది.

ఉట్టిలో శకునాలయ్య కూర్చుని ఉన్నాడు. జారిపడకుండా పొట్టకి తాడు కట్టుకున్నాడు. ముడి కూడా చక్కగా వేసుకున్నాడు.

మువ్వ రొప్పుతూ ఆగింది. శకునాలయ్య చాలా మామూలుగా, పక్కింటివాళ్ళు పలకరించినట్టు పలకరించాడు.

"ఎక్కడికి మరదలా, ఇంత హడావిడిగా?"

బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడగకూడదని అడవికి నేర్పిందే ఆయన. ఆయనే అడిగేసరికి మువ్వ కంగారు పడింది. కంగారులో నోరు ముందు తెరుచుకుంది.

"ఎక్కడికేంటి బావా, పిల్లల దగ్గరికి పోతున్నా!"

"సరే," అంది బూరమ్మ, అటు తిరిగే. పగ్గం వదిలింది.

ఉట్టి గట్టు దాటింది. శకునాలయ్య నవ్వుతూ చెయ్యూపాడు.

"నీకెందుకు మరదలా శ్రమ? నేను చూసుకుంటాగా వాళ్ళని."

మువ్వ బూరమ్మ మీదికి ఉరికింది.

"పెద్దమ్మా, లాగు! అందులో ఉన్నది నేను కాదు, నక్క!"

"గట్టు మీద మాట వినను."

"నా పిల్లల్ని తినేస్తాడు పెద్దమ్మా!"

"పోయిన వానల్లో కోతులూ ఇలాగే గట్టిగా చెప్పాయి."

"వస్తున్నా! వస్తున్నా! లాగు!"

"నువ్వు గట్టు మీదున్నావు. ఎక్కడికొస్తావే? పక్కకి జరుగు, పగ్గం కాలికి తగులుతుంది."

పగ్గం తీరుబడిగా జారుతోంది. ఉట్టి ఏటి నడిమికి వచ్చింది. అవతల అరుగు మీద పిల్లలు ఉట్టిని చూసి అమ్మ వస్తోందనుకుని అంచుకి వచ్చి నిలబడ్డారు. ఒకడైతే గంతులేస్తున్నాడు.

అరిచి లాభం లేదని మువ్వకి అర్థమైంది. ఇప్పుడు చెల్లే నోరు ఒక్కటే, అది శకునాలయ్యది. ఆ నోటిని తెరిపించాలి. మువ్వ మూతి మీది ఉప్పుమట్టిని ముక్కులోకి ఎగబీల్చి, ఏరు దద్దరిల్లేలా తుమ్మింది.

ఏటి మీద నవ్వు ఆగిపోయింది.

"ఎవరది తుమ్మింది?"

"నేనే బావా."

"ప్రయాణం మధ్యలో తుమ్ముతారా, బుద్ధి లేదూ! సరే సరే, ఇంకొకటి తుమ్ము. ఒంటి తుమ్ము అరిష్టం. రెండోది పడితే దోషం లేదు."

రెండో తుమ్ము మువ్వ ముక్కు చివరే ఉంది. ఉప్పు మంటకి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. మువ్వ మూతిని మద్దిచెట్టు బెరడుకి అదిమి పట్టి, ఊపిరి బిగించింది.

"తుమ్మవే తల్లీ!"

మువ్వ తుమ్మలేదు.

"నా బంగారు మరదలివి కదూ! చిన్నదైనా చాలు!"

మువ్వ ఒళ్ళంతా వణికింది. చెవులు రెండూ గాలిలో కొట్టుకున్నాయి. అయినా తుమ్మలేదు.

కింద ఒక పెద్ద మాను కొట్టుకొచ్చి, ఉట్టి అడుగు నుంచే దూసుకెళ్ళి, దిగువ బండకి తగిలి రెండు ముక్కలైంది. శకునాలయ్య ఆ ముక్కల్ని చూశాడు. గట్టు వైపు చూశాడు. అటునుంచి తుమ్ము రాలేదు. జీవితమంతా నమ్మిన శాస్త్రం ఒక్కసారిగా ఆయన గొంతులోకి వచ్చింది.

"అయ్యో! పోయా! నేను పోయా!"

"పోయావా? మంచిది," అంది బూరమ్మ. పగ్గాన్ని మొదలికి ముడేసి, ముడి ఒకసారి గుంజి చూసుకుని, లేచి ఒళ్ళు విరుచుకుంది.

ఉట్టి నడి ఏట్లో ఊగుతూ నిలిచిపోయింది. అప్పుడు మువ్వ హాయిగా తుమ్మింది.

"అత్తా! ఆపేశావేం?"

"పోయా అన్నావుగా బావా," అంది మువ్వ.

"అది ఆ పోవడం కాదే! ఇంకా చేరలేదు! అత్తా!"

బూరమ్మ అప్పటికే పొదలు దాటి చెదపుట్ట తవ్వుకోవడానికి వెళ్ళిపోయింది. పుట్ట దగ్గర పనిలో పడితే ఆవిడకి ఏదీ వినపడదని అందరికీ తెలుసు. వాన మొదలైంది. కింది నుంచి ఏరు, పైనుంచి వాన, మధ్యలో శకునాలయ్య. తోక దాచుకోవడానికి కూడా ఉట్టిలో చోటు లేదు.

బూరమ్మ తిరిగొచ్చేసరికి వాన వెలిసింది. కాళ్ళు బండకి తన్నిపెట్టి కూర్చుందో లేదో, ఏటి మీంచి సన్నగా, ఎంతో వినయంగా ఒక మాట వచ్చింది.

"వస్తున్నా."

బూరమ్మ లాగింది. నీళ్ళోడుతున్న బొచ్చుతో శకునాలయ్య గట్టు మీద దిగి, "వచ్చా," అన్నాడు.

"అప్పుడే వచ్చేశావేం అల్లుడూ? గాలిమార్పు సరిపోయిందా?"

"సరిపోయింది అత్తా," అన్నాడు శకునాలయ్య, మువ్వ కొమ్ములకి కాస్త దూరంగా నడుస్తూ.

మువ్వ ఉట్టిలోకి ఎక్కింది. పొట్టతాడు కట్టుకుంది, ముడి లాగి చూసుకుంది, చుట్టుపక్కల ఎవరూ ఏమీ అడగడం లేదని తేల్చుకుంది. అప్పుడు స్పష్టంగా "పోతున్నా" అంది. అవతల డెక్కలు రాతికి ఆనాకే "పోయా" అంది. పిల్లలు రెండువైపులా పొదుగుని కుమ్మి కుమ్మి పాలు తాగారు. తాగాక, వాళ్ళు మొరాయిస్తున్నా వినకుండా, తలతో వెనకనుంచి నెట్టుకుంటూ చీకటి పడేలోగా పై అరుగుకి ఎక్కించేసింది.

నీతి: ఇంకొకరి నోటితో బయల్దేరినవాడికి, నడి ఏట్లో తన నోరే అడ్డం తిరుగుతుంది.