పులి గర్జనకి పిట్ట పరీక్ష

అనగనగా ఒక అడవిలో, తేనె ఎవరికి పడితే వాళ్లకి ఇచ్చేవాళ్లు కాదర్రా. అందరూ తలా కాస్త తెచ్చి ఒక తొర్రలో దాచేవాళ్లు. అడవికి కష్టమొస్తే, దానికి విరుగుడు కనిపెడతానన్నవాళ్లకి ఆ తేనె ఇచ్చేవాళ్లు. తిండి వెతుక్కోకుండా ఆ పనిలోనే ఉండమని.

మరి ఎవరికివ్వాలి? దానికో పద్ధతుంది. ఆలోచన ఉన్నవాళ్లు గోరింక చెవిలో చెప్పాలి. గోరింక అన్నిటినీ తన గొంతుతోనే వినిపిస్తుంది. ఏది ఎవరిదో తెలియదు. చెట్ల సంగతి చెట్లు తెలిసినవాళ్లే పరీక్షిస్తారు, నీళ్ల సంగతి నీళ్లు తెలిసినవాళ్లే.

ఒక ఏడాది ఇప్పచెట్లు ఎండిపోసాగాయి. లోపలంతా చెదపురుగు. ఇప్పపువ్వు లేకపోతే వేసవిలో సగం అడవికి పస్తే. తేనె చూస్తే ఒక్కరికే సరిపోతుంది.

పరీక్షకి ముగ్గుర్ని పిలిచారు. ఉడత తాత, గబ్బిలం మామ, వడ్రంగిపిట్ట సూరమ్మ. సూరమ్మకిదే మొదటిసారి. అసలే భయస్తురాలు.

ఆ పొద్దున్నే నక్కమంత్రి ఆమె గూటి కిందికొచ్చాడు.

"ఏమ్మా సూరమ్మా, పిల్లలు బాగున్నారా? గర్జన అన్న మాట వినపడగానే బాగుందను. అది పులిరాజుగారి ఆలోచన."

"అదేంటి బాబాయ్, ఎవరిదో మాకు చెప్పకూడదుగా?"

"చెప్పకూడదు. అందుకే మెల్లగా చెబుతున్నా. నీ గూడు మంచి చెట్టు మీదుంది. ఉండనీ మరి!"

సూరమ్మ గుండె టకటకా కొట్టుకుంది, తన ముక్కుకన్నా గట్టిగా.

పులిరాజు, నక్కమంత్రితో సహా అందరూ చేరారు. గోరింక మొదటి ఆలోచన చెప్పింది. "రోజూ ప్రతి చెట్టు దగ్గరా గట్టిగా గర్జించాలి. పురుగు హడలి పారిపోతుంది."

తర్వాత రెండోది. "పురుగు వేళ్ల కింద పుట్టలోంచి ఎక్కుతోందని నా అనుమానం. కొన్ని చెట్ల కింద తవ్వుతా. కొన్నిటిని అలాగే వదిలేస్తా. తేడా మీరే చూడండి."

"మొదటిదే బాగుంది," అన్నాడు ఉడత తాత, తన తోక చూసుకుంటూ. నక్క వాళ్లింటికీ వెళ్లాడు మరి!

"నాదీ అదే మాట," అన్నాడు గబ్బిలం మామ.

సూరమ్మ వంతొచ్చింది. గూట్లో పిల్లలు గుర్తొచ్చారు. ఎదురుగా ఎండిన ఇప్పకొమ్మలు కనపడ్డాయి.

"ఊహూఁ. నేను ముక్కుతో కొట్టినా పురుగు లోపలికే పోతుంది. గర్జిస్తే ఇంకా లోపలికి దూరుతుంది కానీ బయటికి రాదు. రెండోవాళ్లకే ఇవ్వండి."

"రాజుగారి ఆలోచననే కాదంటావా!" అని అరిచాడు నక్క.

పులిరాజు మీసం అదిరింది.

"మంత్రీ! అది నాదని వీళ్లకి ముందే చెప్పావా?"

నక్క నేల చూపులు చూశాడు. ఉడత తాత తల గోక్కున్నాడు. "మా ఇంటికీ వచ్చాడు రాజా. భయపడి అబద్ధమాడాం. సూరమ్మ చెప్పిందే నిజం."

పులి మొహం చిన్నబోయింది. "ఏమ్మా, నా గర్జన అంత పనికిరానిదా?"

"దొంగల్ని తరమడానికి పనికొస్తుంది రాజా. పురుగుల్ని కాదు."

అందరూ కిసుక్కుమన్నారు. పులికీ నవ్వాగలేదు. "తేనె రెండోవాళ్లకే! ఇకమీదట పరీక్షప్పుడు నేనూ మంత్రీ వాగు అవతలే ఉంటాం."

రెండో ఆలోచన అలుగుది, అదే, చెదలు తినే పొలుసుల జంతువుది. తేనె తాగుతూ తవ్వింది. తవ్విన చెట్లు చిగురేశాయి, వదిలేసినవి వాడిపోయాయి. దాంతో మిగిలిన చెట్ల కిందా తవ్వేశారు. వేసవికి ఇప్పపువ్వు జలజలా రాలింది. ఎలుగుబంటి తెగ తినేసి, తూలుతూ పాటలందుకున్నాడు.

పులిరాజు నక్క వైపు తిరిగాడు. "నువ్వు ఆహా అనమన్నావు. ఆవిడ ఊహూఁ అంది. ఇన్ని కడుపులు నింపింది ఆ ఊహూఁయేనోయ్!"

నీతి: పని తెలిసినవాళ్లని భయం లేకుండా పరీక్షించనివ్వాలి. అందులో అధికారం వేలు పెడితే అందరికీ పస్తే.