సూరాయమ్మ పెట్టిన పసుపు బొట్టు

కోదండం మాస్టారిని ఏదైనా అడిగితే ముందు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తారు. ఆ తుడవడంలోనే మన ఓపిక సగం అయిపోతుంది. ఆ తర్వాతైనా సూటిగా జవాబు చెబుతారా అంటే, అబ్బే, ఆ అలవాటు ఆయనకి లేదు. సామర్లకోటలో ఎరువుల కొట్టు పైన ఒక గదిలో ఆయన మాకు కంప్యూటర్ల రిపేరు నేర్పేవారు. కింద నుంచి ఎరువుల ఘాటు, పైన రేకుల వేడి, మధ్యలో మేం అయిదుగురం. అయినా ఒక్కరోజు మానేవాళ్ళం కాదు. మానితే ఆరోజు ఆయన ఏం చెప్పారో తోటివాళ్ళని బతిమాలుకోవాలి, అది నా వల్ల అయ్యే పని కాదు.

ఒకరోజు మాలో పెద్దవాడు గణపతిరాజు అడిగాడు.

"మాస్టారండీ, కొత్తగా బిగించిన కంప్యూటర్ స్టార్ట్ అవ్వకపోతే ముందు దేన్ని అనుమానించాలండి?"

సరైన ప్రశ్నే. దానికి పుస్తకంలో జవాబు ఉంది. కరెంటు, వైర్లు, మెమరీ, బోర్డు అని ఒక వరస. మాస్టారు ఆ వరస చెబుతారని మేం నోటు పుస్తకాలు తెరిచాం. ఆయన కళ్ళజోడు తుడిచి, పెట్టుకుని, "భూలక్ష్మి తెలుసుగా మీకు?" అన్నారు. నోటు పుస్తకాలు మూసేశాం.

భూలక్ష్మి మా ముందు బ్యాచ్‌లో నేర్చుకుంది. ఎనిమిదేళ్ళుగా ఒక ప్రెస్సులో టైపు చేసేది. ఊళ్ళో సగం శుభలేఖలు ఆమె వేళ్ళ మీంచి వచ్చినవే. తనకంటూ ఒక కంప్యూటర్ ఉండాలని, అదీ తన చేత్తోనే బిగించుకోవాలని ఆమె పట్టుదల. ఒక్కో భాగమే తెచ్చుకుంటూ ఏడాది గడిపింది. భర్త తాతారావు రైసుమిల్లులో ఫిట్టరు. చెడ్డవాడు కాడు గానీ నోరు ఊరుకోదు. "ఇంట్లో పెట్టుకోవడానికి ఇదేమన్నా ఆవకాయా?" అని వచ్చినవాళ్ళందరితో అని నవ్వేవాడు. ఆ ఇంట్లో నవ్వనిది ఒక్క సూరాయమ్మే. ఆవిడ తాతారావు తల్లి. కొత్త అట్టపెట్టె వచ్చినప్పుడల్లా గుమ్మంలో నిలబడి "ఇదేం చేస్తుందే?" అని కోడల్ని అడిగేది. చెప్పినదాంట్లో సగం అర్థమయ్యేది, మిగతా సగానికి అర్థమైనట్టు తల ఊపేది.

సూరాయమ్మ గారి సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. భర్త పోయి పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళలో ఆవిడ ఒక్క శుభకార్యానికీ చెయ్యి పెట్టలేదు. వద్దని మొహం మీద అన్నవాళ్ళెవరూ లేరు. అనక్కర్లేదుగా! పెళ్ళిలో ఆవిడ పళ్ళెం అందుకోబోతే ఎవరో ఒకరు మెల్లగా ఆ పళ్ళెం పక్కకి తీసుకుంటారు, అంతే. రానురాను ఆవిడే వెనక గదిలో కూర్చోవడం నేర్చుకుంది. ఇది చెబుతుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. మాస్టారు మాత్రం ఏ కోపమూ లేకుండా చెప్పారు కాబట్టి నేనూ అలాగే చెప్పుకుపోతాను.

భాగాలన్నీ చేరాక ఒక శుక్రవారం పొద్దున్న భూలక్ష్మి వాటిని హాల్లో దుప్పటి మీద పరిచి స్నానానికి వెళ్ళింది. కొత్త వస్తువు ఇంటికొస్తే బొట్టు పెట్టకుండా వాడడం ఎక్కడైనా ఉందా? సూరాయమ్మ అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. కుంకుమ భరిణె ముట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. కాస్త పసుపు తడిపి, ఉన్న భాగాలన్నిటికీ తలో చుక్కా పెట్టి, చెయ్యి కడుక్కుని వెనక గదిలోకి వెళ్ళిపోయింది. స్నానం చేసి వచ్చిన కోడలు ఫ్యాన్ మీదా, అన్నీ లోపల బిగించే ఇనుప డబ్బా మీదా పచ్చటి చుక్కలు చూసింది. ఎవరు పెట్టారో ఆమెకి తెలుసు. అడిగితే అత్తగారు బిక్కచచ్చిపోతుందని ఏమీ ఎరగనట్టు కూర్చుని బిగించడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నానికి పని అయింది. మీట నొక్కింది. ఫ్యాన్ తిరిగింది, లైటు వెలిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. లోపల్నించి ఆగి ఆగి కీచుమని ఒక అరుపు. అన్నీ ఊడదీసి మళ్ళీ బిగించింది. అదే అరుపు. శనివారమూ అదే వరస. తాతారావు మొదట్లో నవ్వాడు, తర్వాత భార్య మొహం చూసి నవ్వడం మానేశాడు. ఆ మానేయడమే ఆమెకి ఇంకా కష్టంగా తోచిందిట. ఆదివారం పొద్దున్నే మాస్టారికి ఫోన్ చేసింది.

ఆయన వెళ్ళేసరికి భూలక్ష్మి పాల ప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్ళింది, తాతారావు పెరట్లో ఉన్నాడు. సూరాయమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. చేతిలో సంచీ ఉంది, అందులో మడత పెట్టిన చీరలు కనిపిస్తున్నాయి.

"బాబూ, దానికి బొట్లు పెట్టింది నేనేనండి" అంది గొంతు తగ్గించి. "నా చెయ్యి పడకూడదు, పడింది. ఎలా ఏడుస్తోందో మీరే వింటారు. రేపు పొద్దున్న బస్సుకి మా చెల్లెలి ఊరు వెళ్ళిపోతానండి. నేను లేకపోతే ఆడుతుందేమో. పిల్లకి మాత్రం చెప్పకండి, ఏడాది కష్టం దానిది."

"మళ్ళీ ఎప్పుడొస్తారక్కయ్య గారూ?"

ఆవిడ సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది.

మాస్టారు 'అబ్బెబ్బే, అలాంటిదేం లేదమ్మా' అని ఒక మాట అనేయొచ్చు. అలాంటి మాటలు ఆవిడ ఈపాటికి చాలా విని ఉంటుంది. వాటివల్ల ఒక్క పళ్ళెమైనా ఆవిడ చేతికి వచ్చిందా? అందుకని మాస్టారు, "సంచీ అక్కడ పెట్టి ఇలా వచ్చి కూర్చోండి. సంగతి తేలేదాకా మీరు కదలడానికి వీల్లేదు" అన్నారు.

ఇంతలో భూలక్ష్మి వచ్చింది. మాస్టారు కంప్యూటర్ పక్క రేకు విప్పించి ఆ అరుపు ఒకసారి విన్నారు.

"ఇది మెమరీ గురించి అరుస్తోందమ్మాయ్. ఎన్ని పెట్టావు?"

"రెండండి. నాలుగుసార్లు తీసి పెట్టానండి."

"రెండూ ఒకేసారా?"

"జత కదండీ మాస్టారూ. కలిపే పెట్టాను."

"ఇద్దరు దెబ్బలాడుకుంటుంటే ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి తప్పెవరిదంటే తేలుతుందా? రెండూ తియ్యి."

మెమరీ అంటే జానెడు కూడా లేని సన్నటి పలక. కింది అంచున బంగారు రంగు పళ్ళుంటాయి, అవి బోర్డు మీద గాడిలో కూర్చోవాలి. రెండు పలకలూ కిటికీ దగ్గర కాగితం మీద పెట్టించారు. ఒకదాని మీద అంటించిన కాగితంపై పసుపు చుక్క స్పష్టంగా ఉంది. రెండోదాని మీద ఏమీ కనిపించలేదు.

"దీనికి పెట్టలేదా అక్కయ్య గారూ?"

సూరాయమ్మ తల వంచుకుంది. దాచమన్న మాట ఇప్పుడు తనే బయట పెట్టుకోవాలి. "పెట్టానండి. మొదటిదానికి కాగితం మీద పెడితే అక్షరాలు మునిగిపోయాయి. చదువుకునే అక్షరాల మీద పెట్టకూడదు కదండీ. అందుకని రెండోదానికి ఆ బంగారు అంచుకి పెట్టాను."

మాస్టారు ఆ పలకని వెలుతురుకి ఎత్తి చూశారు. బంగారు రంగు మీద పసుపు! ఎండి, పళ్ళకి అంటుకుపోయి ఉంది. మూడు రోజులుగా ఎవరి కంటా పడలేదంటే వింతేముంది? భూలక్ష్మి గబుక్కున దాన్ని తుడవబోయింది.

"తుడవకు" అన్నారు మాస్టారు.

ఇక్కడే, నేనైతే తప్పు చేసి ఉండేవాణ్ణి. తుడిచేసి, రెండూ బిగించేసి, కంప్యూటర్ ఆడగానే టీ తాగి ఇంటికొచ్చేసేవాణ్ణి. ఆవిడేమో, నా బొట్టు చెరిపాకే ఆడింది అనుకుని మర్నాడు బస్సెక్కేసేది.

మాస్టారు ముందు మొదటి పలక ఒక్కటే పెట్టించారు, దాని కాగితం మీది పసుపు చుక్క అలాగే ఉంచి.

"ఈ బొట్టు ఎవరు పెట్టారు?"

"నేనేనండి."

"చెరపలేదు కదా?"

"లేదండి."

"నొక్కమ్మాయ్."

చిన్నగా ఒక్క కూత. తెర వెలిగింది, అక్షరాలు వచ్చాయి. పెరట్లోంచి తాతారావు తడి చేతులతో పరిగెత్తుకొచ్చాడు. మాస్టారు అక్కడితో ఆగలేదు. కరెంటు తీయించి, రెండో పలక ఒక్కటే పెట్టించారు. మళ్ళీ ఆ పాత అరుపే. అప్పుడు దాన్ని తీసి, పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో ఆ పళ్ళని శుభ్రంగా రుద్దించారు. రుద్దాక కూడా గాడిలో పెట్టనివ్వలేదు. పసుపు తెప్పించి సూరాయమ్మ ముందు పెట్టించారు.

"దీనికి మళ్ళీ బొట్టు పెట్టండి. ఈసారి కాగితం మీద. అక్షరాలు మునిగినా పరవాలేదు, నేను చెబుతున్నాను."

ఆవిడ కొడుకు వంక చూసింది, కోడలి వంక చూసింది. ఎవరూ పసుపు పక్కకి తీయలేదు. పెట్టింది. భూలక్ష్మి ఆ పలక ఒక్కటీ బిగించి మీట నొక్కింది. తెర వెలిగింది. తర్వాత రెండూ కలిపి పెట్టింది. అప్పుడూ వెలిగింది.

"చెయ్యి అదే, పసుపూ అదే" అన్నారు మాస్టారు, ఎవరితోనూ కాదన్నట్టు. "పళ్ళ మీద పడితే నా వేలి చెమటైనా ఇంతే చేస్తుంది."

తాతారావు గుమ్మం దగ్గరున్న సంచీ తీసుకెళ్ళి లోపల పెట్టి వచ్చాడు. భూలక్ష్మి దేవుడి గదిలోంచి కుంకుమ భరిణె తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టింది. "అత్తయ్యా, డబ్బాకి కుంకుమ పెట్టడం మిగిలిపోయింది. మీరే పెట్టాలి" అంది. సూరాయమ్మ కదల్లేదు. అప్పుడు తాతారావే వంగి, బరువైన ఆ డబ్బాని రెండు చేతులతో పట్టుకుని, తల్లి వైపు తిప్పాడు. ఆవిడ ఏడుస్తూనే పెట్టింది. బొట్టు కాస్త వంకరగా వచ్చిందిట, ఎవరూ దిద్దలేదుట.

మాస్టారు చెప్పడం ఆపారు. మాలో ఇద్దరు కళ్ళు తుడుచుకుంటున్నారు, ఆ ఇద్దరిలో నేనొకణ్ణి, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. గణపతిరాజు మాత్రం నోటు పుస్తకం తెరిచి కలం మూత తీశాడు.

"అంటే, ముందు మెమరీని అనుమానించాలన్నమాటండి."

మేం పకపకా నవ్వేశాం. మాస్టారు నవ్వలేదు.

"పదకొండేళ్ళు ఆవిడ చేతిని అనుమానించారు నాయనా" అన్నారు. "ఒక్కరైనా పరీక్ష పెట్టి చూశారా?"