ఎలుగుబంటి కాలికి కుందేలు రక్తం

కళ్లున్నాయిగా? చెప్పండి, ఏం చూశారు? బొటనవేలు ఉబ్బిన ఎలుగుబంటి మడుగు గట్టున గంతులేస్తోంది. అంతేనా? పక్కనే కాలు నాక్కుంటున్న కుందేలు కనబడలేదూ? అయితే వినండి.

ఆ అడవిలో ఇప్పపూలు రాలే కాలం రాగానే కీళ్లవాతం ఉన్న ప్రతి జంతువూ మడుగులో కాలు పెట్టాలి. ముసలి జలగవ్వ చుక్క రక్తం రుచి చూసి లోపల మంట ఎంతుందో చెబుతుంది. మంట ఉందంటే చెదపురుగులు బంద్, పులిసిన ఇప్పపువ్వు బంద్.

ఎలుగుబంటి గవరయ్యకి ఆ రెండూ లేనిది బతుకే కాదు. "వారం రోజులు మూలిగాను. ఇప్పుడు నొప్పి తగ్గిపోయింది. ఇంకా పరీక్షేంటిరా?" అని నక్క ఓబులు మీద విసుక్కున్నాడు.

"ఆ ముసల్దానికి నీ తిండి మీద కుళ్లన్నా! నీ బదులు కుందేలు కాలు పెడదాం. ఆ రెల్లు చాటున దానికేం కనబడుతుంది?"

కుందేల్ని చెవులు పట్టుకుని తెచ్చి, దాని కాలు మడుగులో ముంచారు. జలగవ్వ రుచి చూసింది. "అబ్బ, ఎంత తేటగా ఉంది! ఈ రక్తానికి ఏ భయమూ లేదు."

"విన్నారా! నాకు నూరేళ్లు!" గవరయ్య ఒంటికాలి మీద చిందులు తొక్కాడు.

"పాసైంది నేను మామా. నువ్వెందుకు గెంతుతున్నావ్?" అంది కుందేలు.

"నోర్ముయ్!" అని గవరయ్య పువ్వు ఏరడానికి గంప తెచ్చుకుందామని గుహకి పోయాడు. అప్పటికే అక్కడికి చేరిన ఓబులు గుహని అడుగులతో కొలుస్తున్నాడు. "పిల్లల్ని ఈ మూల పడుకోబెట్టవే," అంటున్నాడు పెళ్లాంతో. "ఈ గవరయ్య నాన్నా ఇంతే. కాలి నొప్పి తగ్గిందని పండగ చేసుకున్నాడు, రక్తంలో మంట చూసుకోలేదు, గుండె ఆగి పోయాడు. వానలు పడేలోపు ఈ గుహ మనదే."

గవరయ్య ఒంటి మీది బొచ్చంతా నిక్కబొడుచుకుంది.

"అన్నా! నీ ఇల్లు ఊడుస్తున్నానంతే!"

"నన్నే ఊడ్చేద్దామనుకున్నావు కదరా!"

ఒక్క తోపుకి నక్క సంసారమంతా దొర్లుకుంటూ పోయి ముళ్లపొదలో పడింది. గవరయ్య మడుగుకి పరిగెత్తి, ఈసారి తన కాలే పెట్టాడు. జలగవ్వ రుచి చూసి తుపుక్కున ఉమ్మేసింది.

"ఆ వేలు నిన్ను ఏడిపిస్తుందంతే. భయమంతా ఈ మంటతోనే, ఇది గుండె దాకా పాకుతుంది. నీ రోజులు లెక్కపెట్టడం నావల్ల కాదు. ముప్పు ఎక్కువని మాత్రం చెప్పగలను. జాగ్రత్తపడతావా?"

"పడతానవ్వా! చేదు కషాయమైనా తాగుతా!"

గుహ కోసం కాచుకున్న ఓబులు ఇప్పటికీ తోకలోంచి ముళ్లు పీక్కుంటున్నాడు.

నొప్పి తగ్గినంత మాత్రాన జబ్బు తగ్గినట్టు కాదు. మరి మీ రక్తం ఏమంటోందో మీరు అడిగి ఎన్నాళ్లైంది?