గాలి గుమ్మం

అనగనగా, సముద్రం మనుషులతో ఇప్పటికంటే కాస్త చనువుగా ఉండే రోజుల్లో, మకరపట్నమని ఒక రేవు పట్నం ఉండేది. పట్నం వెనక కొండ. కొండ మీద విద్యాపీఠం.

ఆ విద్యాపీఠానికి గోడ ఒక్కటే గానీ గుమ్మాలు మూడు. మొదటిది వైద్య గుమ్మం. రెండోది ధన గుమ్మం. రాజుగారి ఖజానా నడిపే విద్య అక్కడ నేర్పేవారు. మూడోది గాలి గుమ్మం. గాలులు ఎక్కడ పుడతాయి, ఎటు పోతాయి, ఎందుకు పోతాయి అన్నది అక్కడి చదువు.

చేరాలనుకున్న వాళ్ళు ఏటా వసంతంలో, గుమ్మాల పండుగనాడు, కొండెక్కి రావాలి. తమకు కావలసిన గుమ్మం ముందు నిలబడి లోపలున్న ఆచార్యులను మూడు ప్రశ్నలు అడగాలి. సరిగ్గా విన్నారా పిల్లలూ? ఆచార్యులు అడగరు. పిల్లలే అడగాలి. ఆచార్యులు జవాబు చెబుతారు. మూడో ప్రశ్న అయ్యాక గుమ్మం తెరుచుకుంటే లోపలికి. లేకపోతే ఇంటికి. జన్మకి ఒక్కటే గుమ్మం, ఒక్కటే సారి.

నియమం ఇంత తేలికగా ఉంటే మనుషులు ఊరుకుంటారా? పట్నంలో సోమిశెట్టి అనే వర్తకుడు ప్రశ్నల అంగడి తెరిచాడు. ఏ గుమ్మానికి కావలసిన ప్రశ్నలు ఆ గుమ్మానికి, మూడేసి చొప్పున కట్ట కట్టి అమ్మేవాడు. పిల్లలు వాటిని కంఠతా పట్టేవారు. కొనేవాళ్ళలో ఎక్కువమంది అడిగేది వైద్య గుమ్మం ప్రశ్నలే. ఎందుకంటే పక్కింటివాళ్ళూ అవే కొన్నారు గనక.

ఆ పట్నంలోనే ధనగుప్తుడనే ఓడల వర్తకుడు ఉండేవాడు. ఆయన కూతురు విరజ. ఆ పిల్లకు మాటలు రాకముందు నుంచీ గాలి అంటే పిచ్చి. మేడ మీద ఒక పట్టు పీలిక కట్టుకుని, అది ఎటు ఎగిరితే అటు చూస్తూ కూర్చునేది. పొద్దున్నే పీలిక సముద్రం వైపు ఎగిరేది. సాయంత్రానికి ఊరి వైపు తిరిగేది. పొద్దుటి గాలితో జాలరులు సముద్రం మీదికి పోయేవారు, సాయంత్రపు గాలితో ఇంటికి వచ్చేవారు.

విరజ కొండెక్కే ఏడు రానే వచ్చింది.

"నాన్నగారూ, నేను గాలి గుమ్మానికి వెళతాను" అంది విరజ.

ధనగుప్తుడు నోటి దాకా తెచ్చిన ముద్ద అక్కడే ఆపాడు. "గాలి చదివి ఏం తింటావమ్మా? గాలి మేస్తావా? ఆ గుమ్మానికి మనుషులు పోయి ఎన్నాళ్ళయిందో తెలుసా? తీగలు అల్లుకుపోయాయి. వైద్య గుమ్మానికి వెళ్ళు. నాలుగు ఊళ్ళు నమస్కారం పెడతాయి."

పక్కనే వడ్డిస్తున్న మేనత్త కనకాంబ గరిటె పట్టుకునే అందుకుంది. "ఒసే విరజా! రేపు నలుగురిలో మా మేనకోడలు ఏం చదివిందంటే నేనేం చెప్పనే? గాలి చదివిందని చెప్పనా? నవ్వి పోతారు!"

"నవ్వినా గాలి వీస్తుంది అత్తా" అంది విరజ.

"చూశావా అన్నయ్యా, నోరు!"

పండుగ ముందు రోజు ధనగుప్తుడు కూతుర్ని వెంటబెట్టుకుని సోమిశెట్టి అంగడికి వెళ్ళాడు. సోమిశెట్టి ఎదురొచ్చి ఆసనం వేశాడు. "మా అంగడి ప్రశ్నలంటే మాటలా అయ్యగారూ! వింటే ఆచార్యులు ముక్కున వేలేసుకోవాలి. అమ్మాయిగారికి వైద్యం మొదటి రకం ఇస్తాను" అంటూ ధనగుప్తుణ్ణి లోపలికి తీసుకుపోయాడు.

అంగడి ముందు ఒక పంజరం వేలాడుతోంది. అందులో ఒక ముసలి రామచిలక.

"అమ్మాయీ, ఏ గుమ్మం?" అంది చిలక.

"నాకు కావలసిందా, నాన్నగారు కొంటున్నదా?" అంది విరజ.

చిలక కిచకిచ నవ్వింది. "తెలివైనదానివే. చూడు, ఈ అంగడిలో ఉన్న ప్రశ్నలన్నీ నాకు వచ్చు. వైద్యానివి వచ్చు, ధనానివి వచ్చు. తడుముకోకుండా చెబుతాను. అయినా నేనెక్కడున్నాను?"

విరజ పంజరం వైపు చూసింది.

"అదీ సంగతి. వచ్చిన ప్రశ్న వేరు, పుట్టిన ప్రశ్న వేరు. ఇంతకంటే చెబితే శెట్టి నాకు జామపండు పెట్టడు" అని చిలక తల రెక్కలో దాచుకుంది.

మర్నాడు కొండంతా జనం. వైద్య గుమ్మం ముందు వరస చింతతోపు దాకా పాకింది. ధన గుమ్మం ముందు అంతకు సగం. గాలి గుమ్మం ముందు ఒక మేక పడుకుని నెమరు వేస్తోంది.

విరజ వైద్య వరసలోనే నిలబడింది. వెనక తండ్రి, మేనత్త. ముందు పక్కింటి కుముదుడు. వాడికి ప్రశ్నలు ఎంత బాగా వచ్చాయంటే, నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాడు.

కుముదుడి వంతు వచ్చింది. చేతులు కట్టుకుని గొంతెత్తాడు.

"ఆచార్యా! జ్వరం వస్తే ఒళ్ళెందుకు కాలుతుంది?"

లోపలి నుంచి వైద్యాచార్యులు ప్రేమగా చెప్పారు. "మంచి ప్రశ్న నాయనా. ఒంట్లోకి చొరబడ్డ రోగంతో ఒళ్ళు పోట్లాడుతుంది. ఆ పోట్లాట వేడి అది. కాబట్టి జ్వరం ఎప్పుడూ శత్రువే అనుకోకూడదు. ఒక్కోసారి అది మన పక్షాన నిలిచే భటుడు."

కుముదుడు వెంటనే రెండోది అందుకున్నాడు. "జ్వరం మన శత్రువు కదా! ఆ శత్రువును చంపే మందేది?"

"ఇప్పుడే కదా నాయనా భటుడని చెప్పాను? భటుణ్ణి చంపుకుంటామా? మందు మాట తరవాత, ముందు రోగమేదో చూడాలి."

కుముదుడికి ఆ మాటలు వినబడితేగా! వాడి చెవుల్లో మూడో ప్రశ్నే మోగుతోంది. "ఆచార్యా! తమరు సెలవిచ్చిన ఆ మందును తేనెలో పుచ్చుకోవాలా, పాలలోనా?"

"నేను ఏ మందూ సెలవివ్వలేదే!" అన్నారు ఆచార్యులు.

జనం గొల్లున నవ్వారు. గుమ్మం తెరుచుకోలేదు. కుముదుడు కళ్ళు తుడుచుకుంటూ పక్కకు వచ్చాడు.

అంతలో ధన గుమ్మం దగ్గర ఇంకా పెద్ద నవ్వు లేచింది. అక్కడ మాణిక్యుడనే కుర్రవాడు, ఎందుకైనా మంచిదని రెండు గుమ్మాల ప్రశ్నలూ కొని, రెండూ కంఠతా పట్టాడు. పాపం, భయంలో కలగాపులగం అయిపోయాయి. "ఆచార్యా! ధాన్యాగారం ఖాళీ అయినప్పుడు నాడి ఏ చేతికి చూడాలి?" అని అడిగాడట! ఆ గుమ్మమూ తెరుచుకోలేదు.

ఇప్పుడు విరజ వంతు. అంగడిలో కొన్న మూడు ప్రశ్నలూ ఆ పిల్లకు నోటికి వచ్చు. నోరు తెరిస్తే చాలు. కానీ విరజ వెనక్కి తిరిగి తండ్రి వైపు చూసింది.

"నాన్నగారూ, ఈ మూడింటికీ జవాబులు వినాలని నాకు లేదు. విననివాడికి ఏమయిందో ఇప్పుడే చూశాం. నాకు వినాలనున్న జవాబు ఆ చివరి గుమ్మంలో ఉంది."

"జన్మకి ఒక్కసారే తల్లీ" అన్నాడు ధనగుప్తుడు. "అది కాదంటే ఇక ఏదీ లేదు. తెలిసే అంటున్నావా?"

"ఒక్కసారే గనకే అంటున్నాను."

ధనగుప్తుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. కానీ చెయ్యి పట్టి ఆపలేదు. విరజ వరసలోంచి బయటికి నడిచి, మేకను అదిలించి, గాలి గుమ్మం ముందు నిలబడింది. జనమంతా వింత చూడ్డానికి అటు మళ్ళారు.

"ఎవరది?" అని లోపలి నుంచి ఒక ముసలి గొంతు. గాలి విద్యకు ఆచార్యురాలు సుమేధాదేవి. పాపం, ఆవిడకు నమ్మకం కుదరలేదు. "గుమ్మం తప్పి వచ్చావేమో, చూసుకో అమ్మా."

"తప్పలేదమ్మా. నా మొదటి ప్రశ్న. పొద్దున గాలి ఊరి నుంచి సముద్రానికి వీస్తుంది, సాయంత్రం సముద్రం నుంచి ఊరికి వీస్తుంది. ఎందుకు?"

"నేల తొందరగా వేడెక్కుతుంది, తొందరగా చల్లారుతుంది. సముద్రానికి రెండూ నిదానమే" అంది సుమేధాదేవి. "పగలు నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. ఆ చోటు నింపడానికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. రాత్రి నేల చల్లబడుతుంది, అంతా తిరగబడుతుంది. ఆ రాత్రి గాలే నీకు పొద్దున్న కనబడేది."

విరజ కళ్ళు మూసుకుని ఆ మాటలు మనసులో బొమ్మ కట్టుకుంది. కాసేపు ఏమీ అడగలేదు. "మరిచిపోయింది!" అని ఎవరో నవ్వారు.

"అయితే అమ్మా, ముసురు పట్టిన రోజు నేల వేడెక్కదు కదా. ఆ సాయంత్రం సముద్రపు గాలి రాకూడదు. అవునా?"

"అవును! రాదు, వచ్చినా నీరసంగా వస్తుంది" అంది సుమేధాదేవి. ఆవిడ గొంతు ఇప్పుడు గుమ్మానికి దగ్గరగా వినబడింది.

విరజ కనుబొమలు ముడిపడ్డాయి. "మరి నేను మేడ మీద చూసింది ఎలా కుదురుతుంది? కిందటేడు వానల తరవాత, ఒక రోజు ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండ నిప్పులు చెరిగింది. నేల బాగానే కాలింది. అయినా సాయంత్రం గాలి తిరగలేదు. ఊరి నుంచి సముద్రానికే వీస్తూ ఉండిపోయింది. ఎందుకమ్మా?"

లోపల తాటాకుల కట్టలు తిరగేస్తున్న చప్పుడు వినబడింది.

"నాకు తెలియదు" అంది సుమేధాదేవి.

"అయిపోయింది! ఆచార్యులకే తెలియనిది అడిగింది, ఇక గుమ్మమేం తెరుస్తారు!" అని జనం. కనకాంబ నెత్తి కొట్టుకుంది.

అప్పుడు లోపల గడియ కదిలిన చప్పుడైంది. ఏళ్ళ తరబడి కదలని గడియ, కిర్రుమంటూ లేచింది. "నాకు తెలియదు గనకే లోపలికి రా తల్లీ!" అంటోంది సుమేధాదేవి. "ఇద్దరం కలిసి వెతుకుదాం. తొయ్యి, గట్టిగా తొయ్యి! బిగుసుకుపోయింది!"

విరజ తోసింది. తలుపు కదలలేదు. మళ్ళీ తోసింది. తీగలు ఒకటి రెండు తెగాయి, తలుపు కదలలేదు. మూడోసారి తోస్తుంటే పక్కన ఇంకో భుజం వచ్చి ఆనింది. చూస్తే ధనగుప్తుడు! ఉత్తరీయం నడుముకు బిగించి, పళ్ళు బిగబట్టి, ఓడను నీళ్ళలోకి దింపే కూలీలా తోస్తున్నాడు. తీగలన్నీ ఫట్‌ఫట్‌మని తెగిపోయాయి. గాలి గుమ్మం బార్లా తెరుచుకుంది. లోపలి గాలి ఈలవేస్తూ వచ్చి కనకాంబ కొప్పు ఊడగొట్టింది.

కొన్నేళ్ళు గడిచాయి. విరజ ఊరికే కూర్చోలేదు. గాలి తిరగని సాయంత్రాలన్నీ గుర్తు పెట్టుకుంది. ఆ తరవాత రేవుకు వచ్చే దూరదేశపు నావికులను పట్టుకుని "ఆ రోజు మీరెక్కడున్నారు, అక్కడ ఆకాశం ఎలా ఉంది?" అని అడిగింది. అందరిదీ ఒకటే మాట. అప్పుడు నడిసముద్రంలో తుపాను. చివరికి గురువూ శిష్యురాలూ ముడి విప్పారు. దూరాన పుట్టిన తుపాను గాలిని తనవైపు లాక్కుంటుంది. అందుకే, ఇక్కడ ఎండ కాస్తున్నా సాయంత్రపు గాలి రాలేకపోతుంది.

ఒక ఏడు కార్తీకంలో రాజుగారి ఓడలు, వాటితో పాటు పట్నంలోని వర్తకుల ఓడలు, ఒకేసారి బయలుదేరడానికి ముహూర్తం పెట్టారు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. బాకాలు ఊదుతున్నారు. విరజ పరుగున రేవుకు వచ్చింది.

"మహారాజా! ఓడలు వదలకండి. నిన్న సాయంత్రం గాలి తిరగలేదు. తుపాను వస్తోంది."

మంత్రి నవ్వాడు. "ఇంత ఎండలో తుపానా? ముహూర్తం మించిపోతోంది ప్రభూ!"

రాజు ఆలోచనాపరుడు. "అమ్మాయీ, నీ మాట తప్పయితే?"

"ఓడలు ఆలస్యమవుతాయి, నన్ను చూసి పట్నమంతా నవ్వుతుంది. ఒప్పయితే, ఈ ఓడల మీదున్న వాళ్ళంతా ఇళ్ళకు వస్తారు."

రాజు ఇంకా తేల్చుకోలేదు. అంతలో వర్తకుల మధ్య నుంచి ధనగుప్తుడు ముందుకు వచ్చాడు. "ప్రభూ, నా ఓడలు కదలవు. ఒరే సరంగూ, తెరచాపలు దించు! ఓడలన్నీ ఏరు సముద్రంలో కలిసే మొగలోకి లాగించు!"

ఆయన్ని చూసి మిగతా వర్తకులూ ఆగిపోయారు. వాళ్ళను చూసి రాజూ ఆగాడు. ఓడలన్నీ ఏటి మొగలోకి చేరాయి.

మర్నాటికి ఆకాశం నల్లబడింది. తుపాను విరుచుకుపడింది. తాడిచెట్లంత ఎత్తున కెరటాలు లేచాయి. అంతా అణిగాక చూస్తే, ఒక్క ఓడ మునగలేదు, ఒక్క మనిషి పోలేదు. ఊరంతా విరజను పల్లకీలో ఊరేగించింది. పల్లకీ ముందు కనకాంబ. "మా మేనకోడలు! గాలి చదివింది! గాలి!" అని దారి పొడుగునా ఒకటే అరుపు.

"ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు.

"జన్మకి ఒక్కసారే అన్న నియమం తీసేయండి మహారాజా" అంది విరజ. "అరువు ప్రశ్నలతో వచ్చి ఓడిపోయిన వాళ్ళను సొంత ప్రశ్నతో మళ్ళీ రానివ్వండి."

రాజు సరేనన్నాడు. ఆ వసంతంలో కుముదుడు మళ్ళీ కొండెక్కాడు. ఈసారి చేతులు కట్టుకోలేదు, గొంతెత్తలేదు. "ఆచార్యా, మా అమ్మమ్మకు ముసురు పడితేనే మోకాళ్ళు ఎందుకు నొప్పి పెడతాయి?" అని మెల్లగా అడిగాడు. జవాబు చెవులప్పగించి విన్నాడు. అందులోంచి రెండోది పుట్టింది, రెండోదానిలోంచి మూడోది. వైద్య గుమ్మం తెరుచుకుంది.

సోమిశెట్టి ప్రశ్నలు కొనేవాళ్ళు లేక, అదే అంగట్లో జామపండ్లు అమ్ముకున్నాడు. పంజరం తలుపు తీసేశాడు. ముసలి చిలక ఎక్కడుందంటారా? గాలి గుమ్మం పైపట్టె మీద కూర్చుని, వచ్చేపోయే పిల్లల్ని "నీదేనా? నిజంగా నీదేనా?" అని అడుగుతూ ఉంది.

గుమ్మం దాటిన పిల్లలు చదువులోకి, కథ విన్న పిల్లలు పక్కల్లోకి.

నీతి: పక్కవాణ్ణి చూసి ఎంచుకున్న చదువు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, మనసులో పుట్టిన ప్రశ్న వెంట నడిస్తే, మూసుకున్న గుమ్మమూ తెరుచుకుంటుంది.