ఇంటికో చెక్క

ఏటి మధ్య ఒక లంక ఉంది. అవతలి గట్టుకు చేరాలంటే పడవ ఒక్కటే దారి. ఐదేళ్లకోసారి లంకవాళ్లు తమ పడవవాణ్ణి తామే ఎన్నుకుంటారు. ఆ రోజు ఇంటికో చెక్క తెచ్చి, నచ్చినవాడి ముందు పెట్టాలి. ఎక్కువ చెక్కలు పడ్డవాడే పడవవాడు. ఆ చెక్కలతోనే పడవ కడతారు.

ఈసారి ఇద్దరు నిలబడ్డారు. మొదటివాడు ముక్కుసూటి మనిషి. వచ్చిన ప్రతి చెక్కనూ వేలితో కొట్టి చూశాడు. పుచ్చు కనబడితే మార్చుకు రమ్మన్నాడు. జనానికి తలకొట్టేసినట్టయింది. గెలవకముందే ఇంత పెత్తనమా అని గొణుక్కున్నారు. రెండోవాడు ఏ చెక్కనూ చూడలేదు. వచ్చినవాళ్లందరికీ చేతులు జోడించి, వేటమాంసంతో భోజనం పెట్టాడు.

ఒక అరటితోట రైతు ఇంట్లో రెండు చెక్కలున్నాయి. భార్యకు నెలలు నిండుతున్నాయి. మంచి టేకు చెక్కను పుట్టబోయే బిడ్డ ఉయ్యాలకని దాచి, చెదలు తిన్నదాన్ని భుజాన వేసుకున్నాడు. మంచిదే ఇవ్వమని భార్య బతిమాలింది.

"ఇన్నిళ్ల చెక్కల్లో మనదొక్కటి పుచ్చిపోతే పడవ మునిగిపోద్దా ఏంటే?" అన్నాడు.

రెండోవాడి ముందు చెక్క పడేసి, కడుపునిండా తిని వచ్చాడు. ఇంత తెలివి లంకలో ఆయనొక్కడికే ఉందనుకుంటే పొరపాటు. ఇంటింటా ఉంది. రెండోవాడే గెలిచాడు.

రెండు నెలలు తిరక్కుండా వరద వచ్చింది. ఆ పొద్దున్నే రైతు భార్యకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది, తనవల్ల కాదు, అవతలి ఆసుపత్రికి తీసుకుపొమ్మంది మంత్రసాని. పడవ ఏటి నడుమకు వెళ్లేసరికి అడుగునుంచి నీళ్లు ఉబికాయి. చెంబులతో తోడారు, దోసిళ్లతో తోడారు. ఆగలేదు. ఇక చేసేది లేక పడవను వెనక్కి తిప్పారు. ఆ ఇల్లాలు లంక ఇసుకలోనే, కడుపులో బిడ్డతోనే, కన్నుమూసింది. చెప్పడానికి నాకే నోరు రావడం లేదు.

రైతు పడవవాడి చొక్కా పట్టుకున్నాడు. ఊరంతా చుట్టూ మూగి తిట్టింది, శాపనార్థాలు పెట్టింది. పడవవాడు బెదరలేదు.

"నేను తెచ్చింది తెడ్డొక్కటే బావా. పడవ తెచ్చింది మీరు" అన్నాడు.

రైతు చేయి జారిపోయింది. మూగినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఇళ్లకు నడిచారు. ఇంకా నాలుగేళ్ల పది నెలలు వాళ్లు ఆ పడవే ఎక్కాలి.